ఇల్లెటు చూస్తోంది

పొద్దున్నే భర్త పట్టాభి చేతికి కాఫీ గ్లాసు అందించాక సీతామహాలక్ష్మి చీపురు తీసుకుని మెట్ల కిందికి వెళ్లేది. ఊడవడానికి కాదు, ఊడ్చే పనిమనిషి వేరే ఉంది. మేడ మీద గదిలో కోడలు ఏం గొణుగుతోందో వినడానికి. చేతిలో చీపురున్న ఆడదాన్ని "ఇక్కడేం చేస్తున్నావు" అని ఎవరూ అడగరు. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ నేర్చుకున్న విద్య అది.

"తొర," అంటోంది పైన సాధన. "తొరమి. తొరగు. తొరమిశో."

తొర ఏమిటో, శో ఏమిటో. సీతామహాలక్ష్మి కళ్లు మూసుకుని ఆ మాటల్ని నోట్లోనే తిప్పుకుంటూ బట్టీ పట్టేది. రేపు కొడుకు రాఘవేంద్ర ముందు పెట్టాలంటే సాక్ష్యం గట్టిగా ఉండాలి. లేకపోతే "నీకు సరిగ్గా వినపడలేదమ్మా" అనేసి వాడు ఫోన్లోకి దూరిపోతాడు.

కోడలిది చంపాపేట. క్రైస్తవుల పిల్ల. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లో రాఘవేంద్ర లెక్కలు చెప్పేవాడు, సాధన ఇంగ్లీషు చెప్పేది. ఇద్దరూ రిజిస్టరు పెళ్లి చేసుకుని ఎల్బీనగర్ రింగురోడ్డు వెనక ఉన్న ఈ ఇంటికొచ్చారు. మతం మాట మీరెత్తొద్దు, మేమెత్తం అని రెండువైపుల పెద్దలూ ఒప్పందం చేసుకున్నారు. ఎత్తలేదు కూడా. కానీ అనుమానానికి ఒప్పందాలు వర్తించవు. కోడలి తల్లి వెళ్లే చర్చిలో ఆత్మ దిగినప్పుడు మనుషులు ఎవరికీ తెలియని భాషలు మాట్లాడతారని పక్కింటి విజయశ్రీ చెవిలో వేసిపోయింది. ఆ రోజు నుంచే చీపురు మెట్ల కిందికి చేరింది.

నిజానికి సాధన చేసే పని దాచిపెట్టిందేం కాదు. కోచింగ్ మానేసి, మాదాపూర్‌లో ఒక వీడియో గేమ్ కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తోంది. ఆ ఆటలో ఒక దీవి ఉంది. దీవి మనుషులకి ఇంతవరకూ ఎవరూ మాట్లాడని భాష ఒకటి కావాలి. మాటా మాటా కూర్చి దాన్ని తయారుచెయ్యడమే ఆమె ఉద్యోగం. ఈ సంగతి మొదటి రోజే చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

"ఉన్న భాషలకే దిక్కు లేదు, కొత్తదానికి జీతమిస్తారా?" అన్నాడు పట్టాభి.

"అందులో నన్ను తిడుతున్నావేమో, ఎవడికి తెలుసు?" అన్నాడు రాఘవేంద్ర. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ రోజు నుంచి తన పేరు ఎక్కడైనా వినిపిస్తుందేమోనని చెవి రిక్కించేవాడు.

ఆఖరికి పని ఇచ్చిన గౌతమ్‌కీ అనుమానమే. "మేడమ్, ఇది మీరే చేస్తున్నారా, సాఫ్ట్‌వేర్‌తో చేయిస్తున్నారా?" అని వారం వారం అడిగేవాడు. ఆడది కొత్తగా ఏదైనా చేస్తే దాని వెనక దేవుడైనా ఉండాలి, దయ్యమైనా ఉండాలి, కంప్యూటరైనా ఉండాలి. ఆమె బుర్ర ఒక్కటే ఉందంటే మాత్రం ఎవరికీ మింగుడు పడదు.

సాధన ఆ భాషలో 'ఎవరిది' అన్న దగ్గర ఆగిపోయింది. తెలుగులో మగాడొక్కడికే 'వచ్చాడు' అంటారు. మిగతావన్నీ ఒకటే: ఆవిడ వచ్చింది, ఆవు వచ్చింది, పాల ప్యాకెట్ వచ్చింది. ఇది ఆమెకి చిన్నప్పటి నుంచీ గొంతులో ముల్లు. తన దీవిలో అలా కుదరదనుకుంది. అక్కడ ప్రతి వస్తువు పేరుకీ దాని యజమాని తోక ఉండాలి. తొర అంటే గిన్నె. ఆడమనిషి గిన్నె తొరమి, మగమనిషి గిన్నె తొరగు. గిన్నె చేజారిపోతూ ఉంటే చివర 'శో' చేరుతుంది. యజమాని పేరుకీ అదే తోక తగిలించాలి. మనిషీ వస్తువూ ఒకరినొకరు చూసుకుంటున్నట్టు ఉండాలన్నమాట.

రాసుకుంటే చాలదు, నోట్లో ఆడాలి. అందుకని మధ్యాహ్నం పూట కిందికి దిగి ఇల్లంతా తిరిగేది. ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టి ఒక మాట, కుక్కర్ మీద చెయ్యి పెట్టి ఒక మాట. ఆమె అటు వెళ్లగానే సీతామహాలక్ష్మి వచ్చి ఫ్రిజ్ తలుపు మీద వేలితో రాసి చూసేది. నూనె జిడ్డేమైనా తగులుతుందేమోనని. ప్రార్థన చేసి నూనె రాస్తారని కూడా విజయశ్రీయే చెప్పింది. జిడ్డు తగిలేది కూడా. వంటింట్లో ఫ్రిజ్ కదా.

ఆదివారం చర్చి నుంచి వస్తూ సాధన తల్లి ఎల్లమ్మ కూతుర్ని చూడ్డానికి ఆగింది. సీతామహాలక్ష్మి ఆవిణ్ణి వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరకి వేసింది.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. మీ అమ్మాయి మా ఫ్రిజ్‌కి ప్రార్థన చేస్తోందా?"

ఎల్లమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఏం మాట వదినమ్మా గది? నేనే మిమ్మల్ని అడుగుదామనుకున్న. మా పాస్టరయ్య ముంగట నాకు తలకాయ ఎత్తనీకి రాకుండున్నది. అన్యభాషలు పరిశుద్ధాత్మ ఇస్తే ఒస్తయి. మాదాపూర్ కంపెనీ ఇస్తే ఒస్తయా? దేవుని తోటి ఆటలా?"

"అంటే ఇది మీ ప్రార్థన కాదా?"

"ప్రార్థనైతే నాకు గింత పరేషాన్ ఎందుకు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరి అనుమానం రెండోవాళ్లకి ఊరట కావడం అరుదు. ఎల్లమ్మ తెచ్చిన కేకు ముక్క సీతామహాలక్ష్మి మొదటిసారి తుంచి నోట్లో వేసుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకి వస్తువులు తిరగడం మొదలైంది.

ముందు టీవీ తిరిగింది. పట్టాభి సోఫాలో కూర్చుంటే సోఫా వైపు, భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే బల్ల వైపు. మెడనొప్పి తగ్గిందని ఆయన సంతోషించాడు. రాఘవేంద్ర బైకు పొద్దున్నే గుమ్మం వైపు మొహం పెట్టి నిలబడి ఉండేది, రివర్స్ చేసుకునే బాధ తప్పింది. సాధన లాప్‌టాప్ ఆమె గదిలో ఎటు నడిస్తే అటు తెర తిప్పేది. దుమ్ము దులిపే పనిమనిషి మాత్రం "పెట్టిన కాడ ఉంటలెవ్వు" అని విసుక్కునేది. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. ఎండాకాలం తర్వాత వానలొస్తాయి, వస్తువులు ఎవరివైతే వాళ్ల వైపు తిరుగుతాయి. దీనికి మాట్లాడుకోవడమెందుకు?

సీతామహాలక్ష్మి మాత్రం చూస్తూ ఉంది. చూడగా చూడగా ఆవిడకి ఒక సంగతి తెలిసింది. ఇంట్లో ఏదీ తన వైపు తిరగడం లేదు.

గ్రైండరు ముందు అటూ ఇటూ నడిచి చూసింది. అది కదల్లేదు. హాల్లో పేపరు చదువుకుంటున్న పట్టాభి వైపే చూస్తోంది. ఆయన ఆ గ్రైండరు స్విచ్ ఎక్కడుందో ఈ జన్మలో చూసినవాడు కాదు. తన చీరల బీరువా ఆయన వైపు. తను నీళ్లు పోసే తులసికోట ఆయన వైపు. స్నానానికి వెళ్లినప్పుడు అద్దంలో చూసుకుంటే, మెళ్లో పుస్తెలు కూడా బాత్రూం గోడవతల ఆయన కూర్చున్న దిక్కుకే తిరిగి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం మెట్ల కింద ఆగలేదు. చీపురు పక్కన పడేసి పైకెక్కింది.

"సాధనా, నిజం చెప్పు. కావాలనే చేశావు కదూ?"

సాధన కళ్లజోడు తీసింది. "ఏం చేసిన అత్తయ్యా?"

"అన్నిటినీ ఆయనకి కట్టబెట్టావు. నాకొక్కటీ లేకుండా."

"నేనెవ్వరికీ ఏమీ పెట్టలే. గ్రైండర్ ఎవరిదని మిమ్మల్నే అడిగిన, యాదుందా? 'మాదే' అన్నరు. మా అంటే ఎవరిది అన్న. 'మీ మావయ్యగారిదే' అన్నరు. బీరువా అడిగితే గూడ గంతే. మీరు చెప్పిందే అన్న నేను. తిరుగుడు వాటి ఇష్టం."

సీతామహాలక్ష్మికి గుర్తొచ్చింది. అలాగే అంది. ఇంకెలా అంటారు? కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుంది. "నీ భాషలో ఇంటికి మాట లేదా? ఎప్పుడూ అనవేం?" అంది.

సాధన తెల్లబోయింది. తన పాఠం వింటున్న విద్యార్థి ఒకరున్నారని ఆమెకి అప్పుడే తెలిసింది. "ఉంది. నూవె. దానికి తోక పెట్టలే."

"ఏం?"

"ఎవరిదని రాయాలె?"

"మీ మావయ్యగారిది. కాగితాలు ఆయన పేరునే ఉన్నాయి."

"మరి కొబ్బరితోట?"

సీతామహాలక్ష్మి తలుపు వైపు చూసింది, ఎవరైనా చీపురు పట్టుకుని నిలబడ్డారేమోనని. కోనసీమలో పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద ఆవిడకి కొబ్బరితోటలో ఒక ముక్క రాసిచ్చారు. దాన్ని అమ్మిన డబ్బుతోనే ఈ స్థలం కొన్నారు, గోడలు లేపారు. రిజిస్ట్రేషన్ రోజున రాఘవ కడుపులో ఉన్నాడు, ఒకటే వాంతులు. "నువ్వెందుకులే, నేను వెళ్లొస్తా" అన్నాడు పట్టాభి. వెళ్లొచ్చాడు. వచ్చేసరికి ఇల్లు ఆయనదైపోయింది. కందిపొడి కొడుతూ నిరుడెప్పుడో ఈ సంగతి కోడలితో అన్నట్టుంది. అన్నందుకు నాలిక్కరుచుకుంది కూడా.

"ఇప్పుడవన్నీ ఎందుకులే," అంది లేస్తూ. "ఎలాగూ అమ్మేస్తున్నారుగా."

అదీ అసలు సంగతి. రిటైరయ్యాక పట్టాభికి ఇల్లు పాతబడిపోయింది. పెద్ద అంబర్‌పేటలో ఏడో అంతస్తు ఫ్లాటు చూసొచ్చాడు, లిఫ్టుంది, ఈతకొలనుంది అన్నాడు. ఆయనకి ఈత రాదు. ఇల్లమ్మే సంగతి భార్యకి భోజనం దగ్గర చెప్పాడు, పెరుగు వెయ్యమన్న గొంతుతోనే. ఆవిడ వద్దంది. "నీకేం తెలుసు" అన్నాడు. ఇంకోసారి వద్దంది. "నీకు ఎవరు ఎక్కిస్తున్నారు ఇదంతా?" అని మేడ వైపు చూశాడు. మూడోసారి ఆవిడ అనలేదు. కొడుకు చెబుతాడేమోనని చూసింది. "నాన్న ఇల్లు, నాన్న ఇష్టం" అన్నాడు రాఘవేంద్ర.

శుక్రవారం మంచిదని బ్రోకరు సాయినాథ్ ఆ రోజే కొనేవాణ్ణి తీసుకొచ్చాడు. విత్తనాల వ్యాపారి, నకిరేకల్ మనిషి. ఇల్లంతా కలియదిరిగి, గోడలు తట్టి, కొళాయిలు తిప్పి చూశాడు. ఫోన్లో దిక్సూచి పెట్టుకుని సింహద్వారంలో నిలబడ్డాడు.

"తూర్పు ముఖం," అన్నాడు పట్టాభి. "డిగ్రీ కూడా తేడా ఉండదు. దగ్గరుండి కట్టించా. ప్రతి ఇటుకా నా కష్టార్జితం."

"మంచిగున్నది సార్. మా నాయిన తూర్పు లేకుంటే అడుగు పెట్టడు," అన్నాడు వ్యాపారి. "బయానా పైసలు ఇయ్యాల్నే ఇస్తా."

సీతామహాలక్ష్మి వంటింట్లో కాఫీ కలుపుతోంది. 'ప్రతి ఇటుకా' అన్న మాట ఆవిడ ఇంతకు ముందూ విన్నది. గృహప్రవేశం నాడు విన్నది, చుట్టాలొచ్చినప్పుడల్లా విన్నది. ఎన్నిసార్లు విన్నా చక్కెర కలుపుతూనే ఉండేది. ఈసారి చెంచా గ్లాసులో వదిలేసింది. కోడలు ఫ్రిజ్ మీద పెట్టినట్టే, గోడ మీద అరచెయ్యి ఆనించింది. సున్నం చల్లగా ఉంది.

"నూవెమి," అంది.

గట్టిగా అనలేదు. పైన సాధన లాప్‌టాప్ ముందు నుంచి తలెత్తి చెవి ఒగ్గింది.

సీతామహాలక్ష్మి ట్రే హాల్లో పెట్టి, కుర్చీ మీదున్న జాకెట్లు నాలుగు చంకన పెట్టుకుని, చెప్పులేసుకుని వెనక తలుపులోంచి వీధిలోకి వెళ్లిపోయింది. సందుకి దక్షిణం చివర వేపచెట్టు కింద జానయ్య ఇస్త్రీ బండి ఉంటుంది. అక్కడికెళ్లి నిలబడింది.

ఇల్లు ఆవిడ వెంట తిరిగింది. నిద్రలో పక్కకి ఒత్తిగిల్లిన మనిషిలా, తొందరేమీ లేకుండా. ట్రేలో కాఫీ కొంచెం తొణికింది. పెరట్లో బోరు పైపు మెలిపడింది, మర్నాడు ప్లంబరొచ్చి దానికి రబ్బరు పైపు తగిలించి పోయాడు.

వ్యాపారి ఫోను చూసుకున్నాడు. ఊపి మళ్లీ చూసుకున్నాడు. "సార్, దక్షిణం చూపెడుతున్నది."

"ఉండండి, ఉండండి." పట్టాభి గుమ్మంలోకి వచ్చాడు. ఎదురుగా, సందు చివర, భార్య ఇస్త్రీ బండి పక్కన నిలబడి ఉంది. ఆయన గొంతు పెంచాడు. "సీతా! ఏం చేస్తున్నావక్కడ? ఇటు రా!"

"జాకెట్లు ఇస్త్రీకిచ్చానండీ. అవ్వనివ్వండి."

"పోనీ, ఆ తూర్పు వైపు వచ్చి నిలబడవే!"

అనేశాక ఆయనకే తెలిసింది తనేమన్నాడో. ఇల్లు ఎవరిదో వీధిలో నిలబడి అరిచి చెప్పినట్టయింది. బండి మీద జానయ్య ఇస్త్రీపెట్టెలో బొగ్గులు సర్దుకుంటూ, "నెమ్మదిగ చేస్త తీయ్ అమ్మా. తొందరేం లేదు గద?" అన్నాడు.

"ఏం లేదయ్యా," అంది సీతామహాలక్ష్మి.

సాయినాథ్ పన్నెండేళ్లుగా ఈ చుట్టుపక్కల ఇళ్లమ్ముతున్నాడు, ఇలాంటి చిక్కులు చూడనివాడు కాదు. "ఇల్లు తిరుగుడు పెద్ద సంగతేం కాదు సార్," అన్నాడు వ్యాపారితో. "ఎటు తిరిగిందన్నదే చూస్కోవాలె. అమ్మగారు రేపట్నుంచి ఉండేది పెద్ద అంబర్‌పేట. అది తూర్పే. ఆమె అక్కడున్నన్ని రోజులు ఇల్లు తూర్పు ముఖమే. మీ నాయినకి ఇంకేం గావాలె?"

పట్టాభి మొహం విప్పారింది. "అదీ! అదే నేనూ చెబుతున్నా."

ముగ్గురూ కలిసి సందు చివరికి నడిచారు. జీవితంలో మొదటిసారి ముగ్గురు మగవాళ్లు ఒక మాట అడగడానికి సీతామహాలక్ష్మి దగ్గరికి నడిచొచ్చారు. ఆవిడ కొంగు సర్దుకుంది గానీ కదల్లేదు.

"అమ్మా, నమస్తే," అన్నాడు వ్యాపారి మర్యాదగా. "మీరు అక్కడ్నే ఉంటరు గద? ఫ్లాట్‌ల? ఎటూ పోరు గద?"

ఆవిడ ఆలోచించింది. అబద్ధమాడటం ఆవిడకి రాక కాదు. నలభై ఏళ్లలో "తలనొప్పిగా ఉంది" అని ఎన్నిసార్లు చెప్పిందో. కానీ ఈ ప్రశ్నకి మాత్రం నిజమే నోటికొచ్చింది.

"ఏమో బాబూ. నాకు తిరగాలనుంది," అంది.

"తిరగాల్నా?"

"ఈ ఊరొచ్చి ఇన్నేళ్లయింది. ఎల్బీనగర్ దాటి ఒక్కదాన్నే వెళ్లలేదు. వెళ్లాలి. ఎటు వెళ్తానో ఇప్పుడే ఎలా చెప్పను? దక్షిణం వైపు కూడా వెళ్లొచ్చు."

వ్యాపారి పట్టాభి వైపు జాలిగా చూశాడు. "సార్, మీరు ముందుగాల ఇంట్ల మాట్లాడుకోండి," అని చెప్పి కారెక్కాడు. సాయినాథ్ ఒక్క నిమిషం ఆగి, పట్టాభి చెవి దగ్గర గొంతు తగ్గించాడు. "గీ ఇల్లు అమ్మాలంటే ఇంక అమ్మగారే అమ్మాలె సార్. సంతకం మీరు పెట్టినా, నిలబడాల్సింది ఆమె."

ఆ సాయంత్రం పట్టాభి మేడ మీదికి వచ్చాడు. ఆయన ఆ మెట్లెక్కడం చాలా రోజుల తర్వాత.

"ఏం నేర్పావమ్మా మీ అత్తకి?"

"నేనేం నేర్పలే మావయ్యగారూ," అంది సాధన. అది నిజం. నేర్పింది అనుమానం.

కంపెనీవాళ్లు ఆ నెలాఖరున తోకల గొడవ తీసెయ్యమన్నారు. ఆడేవాళ్లకి అంత ఓపిక ఉండదన్నాడు గౌతమ్. ఆటలోంచి సాధన తీసేసింది. ఇంట్లోంచి తియ్యడం ఎలాగో ఆమెకి తెలియదు, తెలుసుకుందామనీ అనుకోలేదు.

గ్రైండరు మాత్రం ఇప్పటికీ పట్టాభి వైపే చూస్తుంది. దానికి కూడా మాట మార్చమంటారా అని సాధన అడిగితే సీతామహాలక్ష్మి వద్దంది. "ఆయనదాన్ని ఆయన దగ్గరే ఉండనీ. రుబ్బుకుంటారు." ఇడ్లీ పిండి ఇప్పుడు కొంచెం బరకగా వస్తోంది. తింటున్నారు.

మొన్న బుధవారం భోజనాలయ్యాక సీతామహాలక్ష్మి బ్యాగు తగిలించుకుని ఎల్బీనగర్ స్టేషన్లో మెట్రో ఎక్కింది. దిల్‌సుఖ్‌నగర్ వెళ్తున్నా, సాయిబాబా గుడికి, అని చెప్పింది. పట్టాభి నమ్మలేదు. గుడికైతే ఎల్లమ్మకి ఫోన్ చేసి "బయల్దేరారా వదినగారూ" అని ఎందుకడుగుతుంది? ఆయన వరండాలో పడక్కుర్చీ వేసుకున్నాడు. ఇల్లు పడమటి వైపు తిరిగి నిలబడింది. ఎండ తిన్నగా ఆయన మొహం మీద పడుతోంది. పేపరు అడ్డం పెట్టుకున్నాడు, లాభం లేకపోయింది. ఫోను తీశాడు.

"ఎక్కడున్నావే?"

అవతల రైలు చప్పుడు. ఎవరో ఆడవాళ్లు నవ్వుతున్నారు, అందులో ఎల్లమ్మ గొంతు "జర జరుగు బిడ్డా, కూసోనియ్" అంటోంది.

"ఇల్లెటు చూస్తోందో చూసుకోండి, తెలుస్తుంది," అంది సీతామహాలక్ష్మి.

ఫోను పెట్టేసింది. పట్టాభి టైము చూసుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ఉండాలి ఈపాటికి. ఇల్లు ఆగిపోవాలి. కానీ మొహం మీద ఎండ మెల్లగా చెంప మీదికి జారింది, చెంప మీద నుంచి చెవి మీదికి. కాళ్ల కింద వరండా గచ్చు సన్నగా వణుకుతూ ఇంకా తిరుగుతోంది. ఆయన లేచి, కుర్చీ ఎత్తుకుని, ఇల్లు చూస్తున్న వైపుకి జరిపి వేసుకున్నాడు.